సేఫ్టీ రిపోర్టులో "పది లక్షల్లో ఒకటి" అని ఉంటే మన ఊరికి దాని అర్థం ఏమిటి?

మీరు అడిగింది ఇది. చౌటుప్పల్, చిట్యాల మధ్య మీ ఊరి పక్కనున్న బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. రిస్క్ అసెస్‌మెంట్‌లో ఊరి హద్దు దగ్గర "వ్యక్తిగత రిస్క్ ఏడాదికి 1×10⁻⁶" అని, అంటే పది లక్షల్లో ఒకటి అని ఉంది. అదేంటని కంపెనీ వాళ్లను అడిగితే "పది లక్షల ఏండ్లకు ఒక్కసారి జరిగితే జరగొచ్చు, భయం వద్దు" అన్నారు. ఇరవై ఏండ్లలో ఒక్క ప్రమాదం కూడా కాలేదని ఇంకో మాట కలిపారు. ఈ రెండూ నమ్మొచ్చా? అసలు 10⁻⁶ అంటే "అంగీకరించదగినది" అని ఎవరన్నారు?

అంకె తప్పు కాకపోవచ్చు. దానికి వాళ్లు చెప్పిన అర్థం మాత్రం తప్పు. ఇక రెండో మాటకు ఈ లెక్కల్లో విలువ చాలా తక్కువ, ఎందుకో కింద చెప్తాను.

ముందు ఆ అంకె దేన్ని కొలుస్తుందో చూడండి. ఒక మనిషి ఆ ఒక్క చోటే, ఏడాది పొడవునా, రాత్రింబవళ్లు, ఆరుబయట నిలబడి ఉన్నాడనుకుని, ఈ ప్లాంటు వల్ల ఆ ఏడాదిలో అతను చనిపోయే అవకాశం ఎంత అన్నదే వ్యక్తిగత రిస్క్. ప్లాంటులో ప్రమాదం జరిగే అవకాశం వేరే సంగతి. అది దీనికి వందల రెట్లు, ఒక్కోసారి వేల రెట్లు ఎక్కువ ఉంటుంది. గ్యాస్ లీకవ్వాలి, దాన్ని ఆపాల్సిన వాల్వ్ మొరాయించాలి, గాలి మీ ఊరి వైపే వీయాలి, వచ్చిన గ్యాస్ ప్రాణం తీసేంత చిక్కగా ఉండాలి. ఇన్ని అవకాశాలను ఒకదానితో ఒకటి గుణిస్తే చివర మిగిలేది ఆ పది లక్షల్లో ఒకటి. అందుకే చివరి అంకెను పక్కనబెట్టి, గుణకారంలోకి ఏమేం వెళ్లాయో అడగాలి.

ఒక లెక్క వేసి చూపిస్తాను. ప్లాంటుకు ట్యాంకర్లలో అమ్మోనియా వస్తుందనుకుందాం. ఏడాదికి 150 ట్యాంకర్లు, ఒక్కోదాన్ని దించడానికి రెండు గంటలు. అంటే హోస్ పైపు ఏడాదికి 300 గంటలు పనిలో ఉంటుంది. మన దగ్గర కన్సల్టెంట్లు ఎక్కువగా వాడే పట్టికల్లో ఒకటి నెదర్లాండ్స్‌లో 1999లో వచ్చిన మార్గదర్శకం, దాన్ని అందరూ పర్పుల్ బుక్ అంటారు. అందులో అన్‌లోడింగ్ హోస్ పూర్తిగా తెగిపోయే రేటు గంటకు 4×10⁻⁶. మూడు వందల గంటలతో గుణిస్తే ఏడాదికి 1.2×10⁻³, అంటే 830 ఏండ్లలో ఒకటి చొప్పున. ప్లాంటు పాతికేండ్లు నడిస్తే నూటికి మూడు వంతుల అవకాశం. తెగిపోకుండా ఒక మోస్తరు లీకు అయితే రేటు దీనికి పదింతలు. ఆ లెక్కన పాతికేండ్లలో కనీసం ఒక్కసారైనా హోస్ లీకయ్యే అవకాశం నాలుగింట ఒక వంతు దాటుతుంది.

ఇప్పుడు అదే పట్టికలో అమ్మోనియా నిల్వ ఉండే బుల్లెట్ (పొడవాటి ప్రెషర్ ట్యాంకు) సంగతి చూడండి. ఒక్కసారిగా పగిలిపోవడం ఏడాదికి 5×10⁻⁷, పది నిమిషాల్లో ఖాళీ అయ్యేలా లీకవడం ఇంకో 5×10⁻⁷. రెండూ కలిపితే పది లక్షల్లో ఒకటి. ట్యాంకర్ హోస్ తెగడం దీనికంటే పన్నెండు వందల రెట్లు ఎక్కువగా జరిగే పని. అయినా రిపోర్టుల్లో రంగురంగుల బొమ్మలన్నీ బుల్లెట్ పేలుడు చుట్టూనే తిరుగుతాయి, హోస్ ఒక వరుసలో ముగుస్తుంది. విస్తరణ అంటే కొత్త రియాక్టర్లే గుర్తొస్తాయి గానీ, ట్యాంకర్లు 150 నుంచి 300 అయితే అన్‌లోడింగ్ రిస్క్ ఆ పూటే రెట్టింపవుతుంది. హోస్ బదులు లోడింగ్ ఆర్మ్ (కీళ్లతో కదిలే ఉక్కు పైపు) పెడితే అదే పట్టిక ప్రకారం పూర్తిగా తెగే రేటు గంటకు 3×10⁻⁸, అంటే 130 రెట్లు తక్కువ. మీ వినతిపత్రంలో ఒక్క డిమాండే రాయగలిగితే ఇది రాయండి. ఖర్చు పెద్దది కాదు, ఫలితం పెద్దది.

ఈ 1.2×10⁻³ మీ ఊరి దగ్గరికి వచ్చేసరికి 10⁻⁶ ఎలా అవుతుంది? ఎమర్జెన్సీ షటాఫ్ వాల్వ్ పదిసార్లలో ఒకసారి పనిచేయదు అనుకుంటారు: 0.1. గాలి మీ వైపు వీచే సమయం పదో వంతు అనుకుంటారు: ఇంకో 0.1. ఊరి దగ్గరి చిక్కదనానికి చనిపోయే అవకాశం పదో వంతు: మరో 0.1. మూడు పదో వంతులు గుణిస్తే 1.2×10⁻⁶. కాగితం మీద శుభ్రంగా సరిపోయింది.

ఇప్పుడు ఆ వాల్వ్ తుప్పు పట్టి బిగుసుకుపోయిందనుకోండి. మొదటి 0.1 కాస్తా 1 అయిపోయింది. ట్యాంకర్లను రాత్రిపూటే దించుతారనీ, ఆ వేళ గాలి పదింట మూడు వంతులు మీ వైపే ఉంటుందనీ అనుకోండి. రెండోది 0.3. ఫలితం 3.6×10⁻⁵, ముప్ఫై రెట్లు ఎక్కువ. ప్లాంటు అదే, ట్యాంకు అదే, రిపోర్టు కూడా అదే. వాల్వ్ నిర్వహణ, పని వేళలు మారాయంతే. కాబట్టి 10⁻⁶ పక్కన "వాల్వ్ పనిచేస్తే, పగలూ రాత్రీ సమంగా దించితే, గాలి మేం అనుకున్నట్టే వీస్తే" అన్న షరతులు మీరే మనసులో రాసుకుని చదవాలి. వాటిలో ఏ ఒక్కటి నిలబడకపోయినా ఆ అంకె మీ ఊరిది కాదు.

గాలి గురించి రెండు మాటలు, ఎందుకంటే మన జిల్లాల రిపోర్టుల్లో ఎక్కువ తేడా వచ్చేది ఇక్కడే. పర్యావరణ నివేదికకు కావలసిన క్షేత్ర వివరాలు మామూలుగా ఒక సీజన్‌వే, మూడు నెలలవే సేకరిస్తారు, అదీ వానాకాలం కాకుండా. ఇటు నల్లగొండ, అటు పాలమూరు వైపు వానాకాలంలో గాలి ప్రధానంగా పడమర, నైరుతి నుంచి వస్తుంది. చలికాలంలో తూర్పు, ఈశాన్యం నుంచి. చలికాలపు మూడు నెలల విండ్ రోజ్ (గాలి ఏ దిక్కు నుంచి ఎంతసేపు వీచిందో చూపే పటం) పెట్టి ఏడాది మొత్తానికి రిస్క్ లెక్కిస్తే, ప్లాంటుకు తూర్పున ఉన్న ఊరికి అంకె తక్కువగా వస్తుంది. దగ్గరి వాతావరణ కేంద్రం నుంచి ఏడాది పొడవునా, వీలైతే చాలా ఏండ్ల సగటు వాడారా అని అడగండి. రాత్రి, తెల్లవారుజామున గాలి సెకనుకు రెండు మీటర్లకు మించకుండా స్తబ్ధుగా ఉండే పరిస్థితికి విడిగా లెక్క చేశారో లేదో కూడా చూడాలి. గ్యాస్ చెదిరిపోకుండా నేల వెంబడి ఎక్కువ దూరం పాకేది అప్పుడే. రిపోర్టులో ఇది "ఎఫ్ స్టెబిలిటీ, 2 మీటర్లు" అని కనిపిస్తుంది. మామూలు గాలికి వాడే "డి, 5 మీటర్లు" ఒక్కటే ఉంటే సగం లెక్కే చేసినట్టు.

పట్టికల అంకెలకూ ఒక పరిమితి ఉంది. అవి యూరప్ ప్లాంట్ల అనుభవం నుంచి, నిపుణుల అంచనాల నుంచి వచ్చినవి. పక్క మండలంలో పది బోర్లు వేస్తే మూడింటికి నీళ్లు పడ్డాయన్న లెక్క మీ చెల్క గురించి కొంతే చెప్తుంది. ఇదీ అంతే. మంచి ఇంజనీరు ఎవరైనా ఈ అంకెల్లో పది రెట్ల అటూఇటూ ఉంటుందని ఒప్పుకుంటాడు. అలాంటప్పుడు రిపోర్టులో "2.37×10⁻⁷" అని మూడు అంకెల కచ్చితత్వంతో కనిపిస్తే, ఆ 37ను చూసి మురిసిపోనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చింది ఇచ్చినట్టు దించారని అర్థం.

ఇక ఇరవై ఏండ్ల శుభ్రమైన రికార్డు. నిజంగానే ఇరవై ఏండ్లకు ఒక పెద్ద ప్రమాదం చొప్పున జరిగే ప్లాంటు ఉందనుకోండి. వరుసగా ఇరవై ఏండ్లు ఏమీ కాకుండా గడిచిపోయే అవకాశం దానికి కూడా నూటికి 37. ఏడేండ్లకు ఒకటి చొప్పున జరిగే ప్లాంటుకు కూడా నూటికి ఐదారు. దీనికో సులువైన సూత్రం ఉంది: ఎన్ని ఏండ్లు సున్నా ప్రమాదాలో ఆ సంఖ్యతో మూడును భాగించండి. మూడు బై ఇరవై, అంటే 0.15. ఏడాదికి అసలు రేటు ఇంతకంటే తక్కువని నూటికి 95 పాళ్ల నమ్మకంతో చెప్పొచ్చు, అంతే. "పది లక్షల్లో ఒకటి" అని రుజువు చేయడానికి ఇరవై ఏండ్ల సున్నా ఎక్కడా సరిపోదు. అసలు పనికొచ్చే రికార్డు తృటిలో తప్పినవాటిది: హోస్ కారడం, సేఫ్టీ వాల్వ్ లేవడం, రియాక్టర్ వేడెక్కితే ఐసు, చల్లనీళ్లు పోసి ఆపడం. అలాంటివి ఏడాదికి ఎన్ని రాసుకున్నారో అడగండి. "ఒక్కటీ లేదు" అంటే రాసుకోవడం లేదనే అనుకోవాలి.

రక్షణ పరికరాల లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి టెస్టు. ట్యాంకు నిండుతున్నప్పుడు పంపును ఆపే హై లెవెల్ స్విచ్ ఉందనుకోండి. ఇలాంటి స్విచ్ చచ్చిపోయినా బయటికి తెలియదు, అవసరం పడ్డ రోజే తెలుస్తుంది. అలా లోలోపల చెడిపోయే రేటు ఏడాదికి 0.05 అనుకుందాం. ఏడాదికోసారి టెస్టు చేస్తే, అవసరమైనప్పుడు పనిచేయని సగటు అవకాశం 0.05ను ఒక ఏడాదితో గుణించి రెండుతో భాగించినంత: 0.025. నాలుగేండ్లకోసారి చేస్తే 0.1. అసలు టెస్టే చేయకపోతే ఇరవయ్యో ఏడు నాటికి అది చచ్చి ఉండే అవకాశం నూటికి 63. రిపోర్టు మూడు సందర్భాల్లోనూ "హై లెవెల్ ట్రిప్ ఉంది" అనే రాస్తుంది. 2005 డిసెంబర్ 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ ఆయిల్ డిపోలో జరిగింది ఇదే. గేజ్ ఒకచోట ఇరుక్కుపోయింది, విడిగా పెట్టిన హై లెవెల్ స్విచ్ పనిచేయలేదు, పెట్రోల్ పైనుంచి పొంగి ఆవిరిమేఘం పేలింది.

టెస్టు అంటే కంట్రోల్ ప్యానెల్‌లో సిగ్నల్ పంపి లైటు వెలిగిందని టిక్కు పెట్టడం కాదు. స్విచ్ అయితే ఫ్లోట్‌ను నిజంగా లేపాలి. షటాఫ్ వాల్వ్ అయితే పూర్తిగా మూసి, ఎన్ని సెకన్లు పట్టిందో రాసి, మూసిన తర్వాత సీటు దగ్గర కారుతోందా అని చూడాలి. సేఫ్టీ వాల్వ్‌ను విప్పి బెంచ్ మీద పెట్టి ఎంత ప్రెషర్‌కు లేస్తుందో పరీక్షించాలి. దాని కింద ఐసొలేషన్ వాల్వ్ ఉంటే అది తెరిచే ఉందనీ, తాళం వేసి ఉందనీ చూడాలి. ఆ వాల్వ్ మూసి మర్చిపోతే పైనున్న సేఫ్టీ వాల్వ్ అలంకారమే.

బైపాస్ రిజిస్టర్ అడగడం చాలామందికి తట్టదు. ఉత్పత్తి ఆగకూడదని ఇంటర్‌లాక్‌ను (ప్రమాద సూచన రాగానే తనంతట తానే పని ఆపేసే ఏర్పాటును) తాత్కాలికంగా పక్కన పెడతారు. ఒక ట్రిప్ ఏడాదిలో పదిహేను రోజులు బైపాస్‌లో ఉంటే అది లేని సమయం నూటికి నాలుగు వంతులు, అంటే 0.04. రిపోర్టులో దానికి "సిల్ 2" అనే నమ్మక స్థాయి ఉందని, అంటే పనిచేయని అవకాశం వందలో ఒకటి కంటే మెరుగని రాసుకుని ఉంటే, ఆ హామీ ఆ పదిహేను రోజులతోనే పోయింది. పరికరం ఎంత ఖరీదైనదైనా సరే.

గుణకారంలో ఇంకో తిరకాసు ఉంది. రెండు 0.1లను గుణించాలంటే అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. బల్క్ డ్రగ్ రియాక్టర్‌కు టెంపరేచర్ అలారం, ఆపరేటర్ స్పందన, ఆటోమేటిక్ ట్రిప్ అని మూడు రక్షణలు చూపిస్తారు. మూడూ ఒకే థర్మోవెల్ (సెన్సర్‌ను దూర్చే గొట్టం)లోని ఒకే సెన్సర్ మీద ఆధారపడి ఉంటే, దాని చుట్టూ గార పేరుకుని వేడి ఆలస్యంగా చూపిస్తే, మూడూ కలిసే విఫలమవుతాయి. అది వెయ్యిలో ఒకటి కాదు, పదిలో ఒకటి. చల్లబరిచే ఉప్పునీటిని తిప్పే బ్రైన్ పంపు, స్టాండ్‌బై పంపు ఒకే ఫీడర్ మీద ఉన్నా అంతే. "కూలింగ్ ఆగిపోవడం పదేండ్లకోసారి" అని పట్టికలోంచి 0.1 తీసి రాస్తారు. ఎండాకాలం ఈదురుగాలులకు మన ఫీడర్లు ఎన్నిసార్లు ట్రిప్ అవుతాయో సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ చెప్తుంది, డీజిల్ జనరేటర్ ఎన్నిసార్లలో మొదటి స్టార్ట్‌కే అందుకుందో ప్లాంటు లాగ్‌బుక్ చెప్తుంది. సొంత అంకె చేతిలో ఉండగా పట్టిక అంకె వాడటానికి సాకు లేదు. ఆపరేటర్‌కు ఇచ్చే 0.1 కూడా ఉచితం కాదు. అతనికి కనీసం పది నిమిషాల వ్యవధి ఉండాలి, ఏం చేయాలో రాసిపెట్టి ఉండాలి, రాత్రి షిఫ్టులో ఒక్కడే నాలుగు రియాక్టర్లు చూసుకునే పరిస్థితి ఉండకూడదు. భోపాల్‌లో 1984 డిసెంబర్ 2, 3 తేదీల రాత్రి కాగితం మీద రక్షణలకు కొదవ లేదు. శీతలీకరణ ఆపేసి ఉంది, విషవాయువును కడిగే స్క్రబ్బర్ స్టాండ్‌బైలో ఉంది, దాన్ని కాల్చేసే ఫ్లేర్‌కు వెళ్లే పైపు మరమ్మతు కోసం ఊడదీసి ఉంది.

లెక్కలోకే రానివి వేరే ఉంటాయి, మన బల్క్ డ్రగ్ బెల్టుకు వాటి భయమే ఎక్కువ. క్యూఆర్ఏ (క్వాంటిటేటివ్ రిస్క్ అసెస్‌మెంట్) అనే ఈ లెక్క మామూలుగా ట్యాంకు, పైపు, హోస్ పగలడాన్నే పట్టుకుంటుంది. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయినప్పుడు ట్యాంకు పగల్లేదు, పైపు తెగలేదు. ట్యాంకు లోపలే రసాయన చర్య మొదలై, వేడెక్కి, వెంట్ల గుండా ఆవిరి వచ్చింది. పగుళ్ల రేట్ల పట్టికలో దీనికి వరుసే ఉండదు. 2025 జూన్ 30న పాశమైలారంలో పదుల మంది కార్మికులు చనిపోయింది కూడా పౌడరు తయారుచేసే యూనిట్‌లో జరిగిన పేలుడులో. రియాక్టర్ అదుపు తప్పడం, డ్రైయర్‌లో పొడి పేలడం, సాల్వెంట్ ఉన్న రియాక్టర్‌లో మ్యాన్‌హోల్ నుంచి పొడి పోస్తుంటే స్టాటిక్ నిప్పురవ్వ పుట్టడం... మీ రిపోర్టులో వీటికి ఒక్క పేజీ అయినా ఉందా చూడండి. ప్రతి కొత్త ప్రాసెస్‌కూ రియాక్షన్ క్యాలరీమీటర్ పరీక్ష (చర్యలో ఎంత వేడి పుడుతుందో కొలిచేది) చేశారా, కూలింగ్ ఆగితే ఎంతసేపట్లో అదుపు తప్పుతుంది, పౌడర్ కనీస జ్వలన శక్తి (అది అంటుకోవడానికి కావలసిన అతి తక్కువ నిప్పురవ్వ శక్తి) ఎంత అని అడిగితే, జవాబు అంకెల్లో రావాలి. "అన్ని జాగ్రత్తలూ తీసుకుంటాం" అన్నది అంకె కాదు.

10⁻⁶ అంటే "అంగీకరించదగినది" అని ఎవరన్నారు అని కూడా మీరు అడిగారు. ఆ గీత ఎక్కువగా బ్రిటన్ నుంచి తెచ్చుకున్నది. అక్కడి హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ లెక్కలో కార్మికుడికి ఏడాదికి వెయ్యిలో ఒకటి, బయటి జనానికి పదివేలలో ఒకటి దాటితే భరించరానిది. పది లక్షల్లో ఒకటి కంటే తక్కువైతే పెద్దగా పట్టించుకోనక్కర్లేనిది. మధ్యలో ఉంటే, చేతనైనంత తగ్గించామని కంపెనీయే చూపించాలి. అక్కడ కూడా వ్యక్తిగత రిస్క్ ఒక్కటే చూసి వదిలేయరు. ఊళ్లో పదిమంది ఉన్నా మూడువేల మంది ఉన్నా వ్యక్తిగత రిస్క్ మారదు. ఒకేసారి ఎంతమంది పోతారన్నది సామాజిక రిస్క్, దానికి విడిగా ఎఫ్-ఎన్ గ్రాఫ్ (ఇంతమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పోయే ప్రమాదం ఏడాదికి ఎంత తరచుగా జరగొచ్చో చూపేది) గీయాలి. మీ రిపోర్టులో అది లేకపోతే అడగండి. ప్రహరీ పక్కన షెడ్లలో ఉండే ఒడిశా, బిహార్ కూలీలను జనాభాలో లెక్కించారా అన్నది కూడా.

ఆ అంకె ఈ ఒక్క కంపెనీదేనన్నది మరవొద్దు. పాత బ్లాకులు వదిలేసి విస్తరణ భాగానికే లెక్క కట్టి ఉండొచ్చు. పక్కనే ఇంకో నాలుగు యూనిట్లుంటే మీ ఊరి గడప దగ్గర అన్నీ కూడుకుంటాయి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి లాంటి చోట్ల కంపెనీలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. అక్కడ ఒకదాని మంట పక్కదాని ట్యాంకును తాకడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇక చేయాల్సింది. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం సారాంశం తెలుగులోనూ ఇవ్వాలి, సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పూర్తి రిపోర్టు కలెక్టరేట్‌లో చూడొచ్చు. రిస్క్ చాప్టర్, దాని అనుబంధాలు జిరాక్స్ తీసుకోండి. సభలో మైకు దొరికే రెండు నిమిషాలను నమ్ముకోకుండా ప్రశ్నలు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. లెక్కలో వాడుకున్న ప్రతి షరతునూ అనుమతి షరతుగా రాయమని కోరండి: ఏడాదికి ఇన్ని ట్యాంకర్లకు మించకూడదు, చీకటి పడ్డాక అన్‌లోడింగ్ వద్దు, షటాఫ్ వాల్వ్ టెస్టు ఇన్ని నెలలకోసారి, ఆ రికార్డు ఫ్యాక్టరీల శాఖకు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు వర్తించే ప్లాంటయితే లోపలి అత్యవసర ప్రణాళికకు ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలి, బయటి ప్రణాళికకు జిల్లా యంత్రాంగం ఏడాదికోసారి రిహార్సల్ చేయాలి. కిందటిసారి ఎప్పుడు చేశారు, సైరన్ మీ ఊళ్లో వినిపించిందా అన్నది ఊళ్లో ఎవర్నడిగినా తెలిసిపోతుంది. ఒక్క చిక్కుంది. అనుమతి పొందిన ఇండస్ట్రియల్ పార్కు లోపలి యూనిట్లకు ప్రజాభిప్రాయ సేకరణ మినహాయింపు ఉండొచ్చు, కాబట్టి మీ పక్క కంపెనీ విస్తరణ వార్త మీకు సభ రూపంలో రాకపోవచ్చు. పర్యావరణ అనుమతుల పరివేష్ పోర్టల్‌లో మండలం పేరుతో అప్పుడప్పుడు వెతుకుతూ ఉండండి.